పాత మోటారుసైకిలుకు తగిన హారను

ప్రతి వాహనమునకును ఒక గొంతు కలదు. అది దారిని పోవువారికి హెచ్చరిక కావలెను గాని బెదరింపు కారాదు. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డు ఇండియా సంస్థ ఏర్పడి బుల్లెట్టు బండ్లను మన దేశమున కూర్చుట ప్రారంభించెను. 1960 తరువాతి కాలమున మైసూరునుండి జావా బండ్లు వెలువడెను. అట్టి బండ్లను నేటికిని కొందరు పదిలపరచుకొని నడుపుచున్నారు. హారను చెడినంతనే అంగడిలో దొరకిన పెద్ద ధ్వనిగల హారనును తెచ్చి వానికి బిగించువారు గలరు. అది ఏల తగదో, తగినదానిని ఎట్లు ఎన్నుకొని ఎట్లు అమర్చవలెనో విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును ఇచట వివరింతుము.

ముందుగా హారను పనిచేయు తీరును తెలిసికొందము. తొలినాటి బండ్లపై రబ్బరు బుడ్డిని నొక్కిన మ్రోగు ఇత్తడి బూర యుండెడిది; దానికి విద్యుత్తుతో పనిలేదు. తరువాత వచ్చిన విద్యుత్తు హారనులో పలుచని ఉక్కురేకు, దాని వెనుక తీగ చుట్టిన విద్యుదయస్కాంతము, విడిపోయి కలిసికొను రెండు లోహపు మొనలు ఉండును. మీట నొక్కగానే అయస్కాంతము రేకును తనవైపు లాగును. రేకు కదలగానే మొనలు విడిపోయి విద్యుత్తు ఆగును. అంతట రేకు వెనుకకు మరలును, మొనలు మరల కలియును. సెకండునకు కొన్ని వందల మారులు ఇట్లు జరుగుటచే ధ్వని పుట్టును. పాఠశాలలోని విద్యుత్తు గంటయు ఈ సూత్రముననే మ్రోగును.

ఎన్నికలో మొదట చూడవలసినది ధ్వని కాదు, వోల్టేజి. పాత బండ్లలో పెక్కు 6 వోల్టులవి. వానికి 12 వోల్టుల హారను తగిలించిన అది మూలుగును, లేదా మూగయగును. 12 వోల్టుల బండికి 6 వోల్టుల హారను తగిలించిన దాని తీగచుట్ట కాలిపోవును. రెండవది, బండి శక్తి. ఆనాటి డైనమోలలో అనేకము 60 వాట్లకు మించి ఈయజాలవు. అందు ముందు దీపమునకే సుమారు 30 వాట్లు పోవును. ఇక గాలిని ఊదు పెద్ద హారనును ఆ చిన్న బ్యాటరీ ఎట్లు భరింపగలదు? రాత్రివేళ దీపము మసకబారుటయే దాని ఫలము.

తీగ విషయము గూడ తక్కువది కాదు. 24 వాట్ల హారను 6 వోల్టులవద్ద 4 ఆంపియర్లను తీసికొనును. దారిలోని తీగలకును, అతుకులకును కలిపి పావు ఓము నిరోధమున్నచో 1 వోల్టు అక్కడనే పోవును; అనగా ఆరవ వంతు నష్టము. అదే 24 వాట్లు 12 వోల్టులవద్దనైన 2 ఆంపియర్లే చాలును. నష్టము అర వోల్టు, అనగా ఇరువది నాల్గవ వంతు మాత్రమే. కావున 6 వోల్టుల బండికి లావుపాటి తీగ, తుప్పులేని అతుకులు మిక్కిలి అవసరము. పలు బ్రిటిషు నమూనా బండ్లలో మీట నొక్కినపుడు విద్యుత్తు హ్యాండిలు ద్వారా బండి చట్రమునకు చేరును. ఆ బిగింపులో రంగో, తుప్పో అడ్డుపడిన హారను పలుకదు. ఇది గమనింపక, మంచి హారనును పారవైచి క్రొత్తది కొనుట వ్యర్థము.

ఇక అమర్చు విధానము. హారనును చట్రమునకు నేరుగా బిగింపరాదు. స్ప్రింగువలె వంగు పలుచని ఉక్కుపట్టీల బ్రాకెట్టుపై దానిని వ్రేలాడదీయవలెను. గట్టిగా బిగించినచో రేకు కంపనము అణగి ధ్వని చెడును. ఇంజను అదురు హారనుకు సోకి లోపలి మొనలును చెడును. నోరు ముందువైపునకు, కొంచెము క్రిందికి వంగియుండిన వాననీరు నిలువదు. సైలెన్సరు వేడికి దూరముగా, హ్యాండిలును రెండు ప్రక్కలకు పూర్తిగా త్రిప్పినను తగులకుండునట్లు చోటు చూడవలెను. ధ్వని బొంగురుపోయిన, సవరించు మరను ఒకమారు ఎనిమిదవ వంతు చుట్టుకన్న ఎక్కువ త్రిప్పరాదు. త్రిప్పినపుడెల్ల మ్రోగించి చూడవలెను.

చట్టమును మరువరాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనముల నియమములు పలు స్వరములు వరుసగా పలుకు హారనులను, మితిమీరి కర్కశముగా గాని భీతిగొలుపునట్లు గాని మ్రోగువానిని నిషేధించినవి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమములు పాఠశాలలు, ఆసుపత్రులు, న్యాయస్థానముల చుట్టును 100 మీటర్లకు తగ్గని ప్రదేశమును నిశ్శబ్ద మండలముగా ప్రకటించుటకు వీలు కల్పించినవి.

వేరొక మాట. పాత బండ్ల డ్రమ్ము బ్రేకులు నేటి డిస్కు బ్రేకులవలె బండిని త్వరగా నిలుపజాలవు. బడి విడిచిన వేళ పిల్లవాడు హఠాత్తుగా దారికి అడ్డము వచ్చినపుడు పెద్ద హారను వానిని బెదరించి నిలువబెట్టునే గాని బండిని నిలుపలేదు. నెమ్మదియైన వేగము, సరియైన బ్రేకు, స్పష్టమైన చిన్న పిలుపు, ఈ మూడును కలిసిననే వానికి రక్షణ. హారనును తన చెవి యిష్టమునుబట్టి గాక, బండి శక్తిని, ఎదుటివాని క్షేమమును బట్టి ఎన్నుకొనవలెనని మా మనవి.