ఇంటి స్పీకరునకు తగిన ఆంప్లిఫయరు

"ఇంటిలో స్పీకర్లు ఉన్నవి, వానికి ఏ ఆంప్లిఫయరు కొనవలెను?" అని వేలూరు, గుడియాత్తములనుండి వచ్చు తలిదండ్రులు కొందరు మమ్ములను అడుగుచున్నారు. అంగడిలో అన్నిటికంటె ఖరీదైనది గాని, ఎక్కువ వాట్లు వ్రాసియున్నది గాని మంచిదని తలచుట పొరపాటు. కాడికి కట్టిన ఎడ్ల జోడువంటిది ఈ వ్యవహారము. ఒకటి పొగరుగిత్త, రెండవది ముసలియెద్దు అయినచో నాగలి సాగదు.

ఇది వట్టి వినోదమునకు సంబంధించిన మాట కాదు. 1938లో ఆరంభమైన మదరాసు రేడియో కేంద్రము తమిళముతోపాటు తెలుగు కార్యక్రమములను కూడ ప్రసారము చేసినది. ఆనాటినుండి నేటివరకు మన ప్రాంతపు పిల్లలకు ఇంటిలో వినిపించు పాటయు, పద్యమును తెలుగు ఉచ్చారణకు రెండవ గురువు. తమిళలిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరము; కావున వీధిలోను, గోడలమీదను ఒత్తక్షరములు మన పిల్లల కంటబడవు, చెవినే పడవలెను. శ, ష, సల భేదము ఎక్కువగా హెచ్చుశ్రుతి ధ్వనులలో ఉన్నది. గుబగుబమను మంద్రధ్వనినే పెద్దచేసి చూపు పెట్టెలో ఘంటసాలవారి భగవద్గీత పెట్టినను ఆ భేదము మునిగిపోవును.

మొదట చూడవలసినది ఓముల లెక్క. స్పీకరు వెనుక 4, 6, 8 అని ఒక సంఖ్య ఉండును. అది విద్యుత్తును ఆ స్పీకరు అడ్డగించు శక్తి. సంఖ్య తగ్గినకొలది ఆంప్లిఫయరునుండి ఎక్కువ విద్యుత్తును లాగును. పూర్వపు వాల్వు ఆంప్లిఫయర్లలో ట్రాన్సుఫార్మరు కొనలకు తగిన ఓముల స్పీకరునే తగిలింపవలసియుండెను. నేటి ట్రాన్సిస్టరు ఆంప్లిఫయరునకు అంత పట్టింపు లేదు. దానిపై వ్రాసిన కనిష్ఠ సంఖ్యకు స్పీకరు తగ్గకుండిన చాలును. కాని చిక్కు ఇక్కడనే వచ్చును. 8 ఓముల స్పీకర్లు రెండింటిని పక్కపక్కన ఒకే కొనకు కలిపినచో మొత్తము 4 ఓములగును. నాలుగింటిని అట్లే కలిపినచో 2 మాత్రమే. వంటయింటికి ఒకటి, వసారాకు ఒకటి అని తీగలు లాగువారు ఈ లెక్క వేయకపోయిన ఆంప్లిఫయరు కాగి, మాడును.

గుడియాత్తములో గంగమ్మ తిరునాళ్లకు కట్టు మైకుసెట్టు పెట్టెను ఇంటికి వాడుకొనువారు మరియొక జాగ్రత్త పడవలెను. అట్టి పెట్టెలకు ఓముల కొనలతోపాటు 100 వోల్టుల కొన యుండును. అది దూరపు తీగలకొరకు, ట్రాన్సుఫార్మరున్న స్పీకర్లకొరకు ఏర్పరచినది. ఇంటి స్పీకరును దానికి తగిలింపరాదు.

ఇక వాట్లు. ప్రకటనలలో వేలకొలది వాట్లను పి.ఎం.పి.ఓ. అని చూపుదురు. అది క్షణకాలపు లెక్క, దానిని నమ్మనక్కరలేదు. ఎడతెగక ఈయగల ఆర్.ఎం.ఎస్. వాట్లనే అడుగవలెను. వాట్లు రెండింతలైనను శబ్దము పెరుగునది 3 డెసిబెల్సు మాత్రమే. చెవికి రెండింతలుగా తోచుటకు సుమారు పదింతల వాట్లు కావలెను. అందుచేత స్పీకరు సున్నితత్వమును చూచుట లాభకరము. ఒక వాటుకు, ఒక మీటరు దూరమున 90 డెసిబెల్సు ఇచ్చు స్పీకరు 25 వాట్లతో చేయుపనికి, 87 ఇచ్చు స్పీకరునకు 50 వాట్లు కావలెను. మన మధ్యతరగతి ఇంటి గదిలో పద్యము వినుటకు ఒక వాటైనను చాలును. మిగిలినది తబలా దెబ్బ, నాదస్వరపు హెచ్చుస్వరము వచ్చినపుడు ఆదుకొను నిలువ.

చిన్న ఆంప్లిఫయరు స్పీకరునకు హాని చేయదని కొందరందురు. దాని శక్తికి మించి త్రిప్పినచో ధ్వని అలల శిరస్సులు తెగిపోవును. ఆ విరుపుధ్వని ట్వీటరును కాల్చివేయును.

రెండు ఆంప్లిఫయర్లను పోల్చునపుడు ఒకే స్పీకరు, ఒకే పాట ఉండవలెను. శబ్దము సమానముగా లేనిచో పోలిక వ్యర్థము; కొంచెము బిగ్గరగా మ్రోగునదే బాగున్నదని చెవి భ్రమపడును. ఒకే శ్రుతిని మ్రోయించి స్పీకరు కొనలయొద్ద మల్టీమీటరుతో వోల్టులను సరిచూచుకొనవచ్చును. ఏది మ్రోగుచున్నదో వినువారికి తెలియకుండ గుడ్డ కప్పుట ఇంకను మంచిది. హద్దులో పనిచేయు మంచి ఆంప్లిఫయర్ల మధ్య భేదము కనుగొనుట కష్టము. ఆ మిగులు ధనమును స్పీకరుమీద వెచ్చించుటయే మాకు సమ్మతము.

అంగడిలో వినుటకు పోవునపుడు బిడ్డను వెంటగొనిపోయి, వాడు చదువుకొన్న పద్యమునే పెట్టించుడు. "శంఖము", "షట్పదము", "సంఘము" వంటి మాటలు వాని చెవికి వేరువేరుగా పడినవో లేదో వానినే అడుగుడు.