కఫీల్‌ను వదలలేని కొలువు

కొండగట్టు చుట్టుపక్కల జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వెళ్లే కార్మికులు దశాబ్దాలుగా కఫాలా పద్ధతి కిందే పనిచేస్తూ వచ్చారు. వీసా, నివాస అనుమతి రెండూ యజమాని అయిన కఫీల్‌తోనే ముడిపడి ఉంటాయి. జీతం ఆగినా, చెప్పిన పని ఒకటీ చేయించేది మరొకటీ అయినా, అతని అనుమతి లేకుండా వేరే కంపెనీలో చేరడం నేరంగా ఉండేది. ఏజెంటుకు కట్టేందుకు తెచ్చిన అప్పుకు ఊళ్లో వడ్డీ పెరుగుతుంటుంది కాబట్టి తిరిగి రావడమూ తేలిక కాదు. అయినా పని వదిలి బయటపడినవారిని ఇక్కడ ఖల్లివెల్లి కార్మికులంటారు. సౌదీలో యజమాని హురూబ్ (పని వదిలి పారిపోయాడన్న) ఫిర్యాదు చేస్తే అరెస్టు, దేశ బహిష్కారం ముప్పు వెంటాడుతుంది. ఇలా ఒకే చోట కట్టిపడేయడం నిర్బంధమే.

కొంత మార్పు వచ్చింది. ఖతర్ 2020 సెప్టెంబరులో పాత యజమాని అనుమతి పత్రం నిబంధనను తీసేసింది. నోటీసు ఇచ్చి మారవచ్చు. సౌదీ 2021 మార్చి 14 నుంచి ఏడాది పని పూర్తిచేసినవారికి ఆ వీలు కల్పించింది. అయితే ఇళ్లలో పనిచేసేవారు, ఇంటి డ్రైవర్లు, తోటమాలులు, గొర్రెలు, ఒంటెల కాపరులు ఈ సౌదీ సంస్కరణలో లేరు. తెలంగాణ పల్లెల నుంచి వెళ్లినవారు ఈ పనుల్లోనూ ఉన్నారు. వారికే రక్షణ ఎక్కువ అవసరం. కొలువు మారాలనుకునేవారు ఒప్పంద పత్రం కాపీ దగ్గర ఉంచుకుని, బదిలీ అధికారికంగా నమోదయ్యాకే పాత చోటు వదలాలి.