ఫార్వర్డ్ వరుసను వంచిన రహీం

1948 లండన్ ఒలింపిక్స్‌లో బలాయ్‌దాస్ ఛటర్జీ శిక్షణలో ఆడిన భారత ఫుట్‌బాల్ జట్టుకూ, 1962 జకార్తా ఏషియా క్రీడల్లో హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో ఆడిన జట్టుకూ ఉన్న ముఖ్యమైన తేడా దాడి మైదానంలో ఎక్కడ మొదలవుతుందన్న దానిలో ఉంది. లండన్ జట్టు 2-3-5 అమరికను పాటించింది; అంటే గోల్‌కీపర్ ముందు ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లు, వారి ముందు ముగ్గురు హాఫ్‌బ్యాక్‌లు, అందరికంటే ముందు దాదాపు ఒకే గీత మీద అయిదుగురు ఫార్వర్డ్‌లు నిలిచేవారు. ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడిన ఆ జట్టు రెండు పెనాల్టీలు చేజార్చుకుని ఫ్రాన్స్ చేతిలో 1-2తో మాత్రమే ఓడింది కాబట్టి, అమరికలోని బలహీనత ఆ రోజు పెద్దగా బయటపడలేదు.

అది బయటపడింది రహీం హయాంలోనే. 1951లో ఢిల్లీలో ఇరాన్‌ను 1-0తో ఓడించి ఏషియా క్రీడల స్వర్ణం గెలిచిన భారత్, మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 1-10తో చిత్తయింది. ఆ తరువాత బూట్లు తప్పనిసరి కావడం అందరికీ గుర్తున్న మార్పే గానీ, ఆటను నిజంగా మార్చింది ఫార్వర్డ్ వరుస వంగడం. 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించిన హంగరీ జట్టులో సెంటర్ ఫార్వర్డ్ హిదెగ్‌కుటి, అంటే గోలుకు ఎదురుగా మధ్యలో ఉండవలసిన ఆటగాడు, వెనక్కి జరిగి ఆడాడు. కబడ్డీలో కూతకు వచ్చినవాడు లోపలికి చొరబడకుండా గీత దగ్గరే ఊరిస్తే పట్టేవారి గొలుసు ముందుకు సాగి చెదిరినట్టే, అతని వెంట రావాలో ఆగాలో తేలక రక్షణ వరుస విచ్చుకుంటుంది. రహీం ఈ సూత్రాన్ని మన ఆటగాళ్ల వేగానికి అనువుగా మలుచుకుని, 1958 ప్రపంచ కప్పుతో బ్రెజిల్ ప్రసిద్ధం చేసిన 4-2-4 వైపు అంతకుముందే నడిచాడని చరిత్రకారులు అంటారు.

అయితే కాగితం మీది అంకెలకు రహీం కథలో దక్కుతున్న ప్రాధాన్యం కాస్త ఎక్కువే. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన ఆయన హైదరాబాద్‌లో బంతిని తన దగ్గరే ఉంచుకుని ఒంటరిగా దూసుకుపోయే డ్రిబ్లింగ్‌ను నిషేధించిన పోటీలనూ, బలహీనమైన కాలితోనే ఆడవలసిన పోటీలనూ నిర్వహించాడు. రెండు కాళ్లూ సమానంగా పనిచేసేవాడు బంతిని సర్దుకోవడానికి ఆగనక్కరలేదు. ఆగకుండా పాస్ ఇచ్చేవారు ఉంటేనే స్థానాలు మార్చుకునే దాడి సాధ్యపడుతుంది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదుసార్లు రోవర్స్ కప్పు గెలవడం వెనుక ఈ కసరత్తు ఉంది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించిన భారత్ చివరకు నాలుగో స్థానంలో నిలిచింది.

జకార్తాలో రహీం పథకం మరో మలుపు తిరిగింది. గ్రూపు దశలో దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడిన జట్టులో, తలకు గాయమై కుట్లు పడిన రక్షకుడు జర్నైల్ సింగ్‌ను ఆయన సెమీఫైనల్ నుంచి సెంటర్ ఫార్వర్డ్‌గా నిలబెట్టాడు. పి.కె.బెనర్జీ, చునీ గోస్వామి, సికింద్రాబాద్ అమ్ముగూడకు చెందిన తులసీదాస్ బలరాం పక్కన ఉండగా, నేర్పుతో కూడిన ఆటను వారికి వదిలి గాలిలో బంతి కోసం పోరాడే ఒక బలశాలిని మధ్యలో ఉంచడమంటే, వెనక్కి జరిగే ఫార్వర్డ్ అనే తన సిద్ధాంతాన్ని అవసరానికి పక్కన పెట్టడమే. ఫైనల్లో బెనర్జీ, జర్నైల్ చెరో గోలు వేయగా అదే కొరియాపై భారత్ 2-1తో గెలిచింది.

రహీం 1963 జూన్ 11న మరణించాడు. ఇంగ్లండ్‌కు చెందిన హ్యారీ రైట్ శిక్షణలో భారత్ 1964 ఏషియా కప్పులో రెండో స్థానం పొందింది. 1970లో హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో ఏషియా క్రీడల కాంస్యం వచ్చింది. ఏషియా క్రీడల ఫుట్‌బాల్‌లో భారత్‌కు దక్కిన చివరి పతకం అదే.