ముందు ఏది పెట్టమంటవ్?

పొద్దున ఆరున్నరకు కిష్టారెడ్డిపేట రోడ్డు మీద కంపెనీ బస్సు కోసం నిలబడ్డవాళ్లను చూడండి. ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఇంకో చేతిలో ఫోన్. షిఫ్టు మొదలుకాకముందే పనులు వచ్చి పడుతుంటాయి. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో నేను చూసుకునే వర్క్‌షాపు చిన్నది. ఒక సీఎన్‌సీ లేత్, ఒక గ్రైండింగ్ మెషీన్, గోడకు జాబ్ కార్డుల బోర్డు. ఆ బోర్డును ఈమధ్య ఫోన్లోని పనుల యాప్‌లోకి మార్చాం. ఒకరోజు నాలుగు జాబ్‌లు ఒకేసారి వచ్చాయి. కొత్తగా చేరిన ఆపరేటర్ యాప్ తెరిచి చూసి, "అన్నా, నాలుగింటికీ ఎర్ర జెండానే పెట్టినవ్. ముందు ఏది పెట్టమంటవ్?" అన్నాడు.

నాకు వెంటనే జవాబు తోచలేదు. పనిని గుర్తుంచుకోవడం ఒక సమస్య, పనుల వరుస తేల్చడం మరొక సమస్య. మొదటిది యాప్‌కు అప్పగించి రెండోది కూడా తీరిపోయిందనుకున్నాను.

గుర్తుంచుకోవడం ఎంత కష్టమో తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. ఆ కష్టాన్నే మనం ఒక కళగా మలుచుకున్నాం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధానిని చుట్టుముడతారు. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది, ఇంకొకరు నిషిద్ధాక్షరి. అప్రస్తుత ప్రసంగం చేసేవారి పనల్లా మధ్యలో అడ్డం పడటమే. గద్వాల, వనపర్తి సంస్థానాల్లో తిరుపతి వేంకట కవులు అవధానాలు చేసిన కాలం నుంచి నేటివరకూ చూసేవాళ్లకు కలిగే భావన ఒకటే: ఈయన ఎనిమిది పనులూ ఒక్కసారే చేస్తున్నాడని. జాగ్రత్తగా గమనిస్తే అలా జరగదు. పద్యం అడిగిన ఒక్కొక్కరికి ఒక ఆవృత్తిలో ఒక పాదం చెప్పి తర్వాతి వారి దగ్గరికి వెళతాడు. నాలుగు ఆవృత్తులకు పద్యాలు పూర్తవుతాయి. చివర ధారణలో అన్నీ ఒక్క ఊపున అప్పజెబుతాడు. కంప్యూటర్ ప్రాసెసర్ కూడా ఇంచుమించు ఇలాగే పనిచేస్తుంది. ఒక పని కొంత చేసి, ఎక్కడ ఆపిందో దాచుకుని, ఇంకో పనికి వెళుతుంది.

అవధాని ధారణ ఏళ్ల సాధన. మామూలు మనిషి మనసు ఒకసారికి నాలుగైదు విషయాలు పట్టుకోవడమే గొప్ప. పైగా, ఒక పని మధ్యలో వదిలి ఇంకోదానికి మారితే మనసులో కొంత భాగం పాతదాని దగ్గరే చిక్కుకుంటుందని పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో ప్రయోగాలతో చూపించారు. మనస్తత్వవేత్తలు మాసికాంపో, బామైస్టర్ 2011లో ప్రచురించిన ప్రయోగాలు ఇంకో ముఖ్యమైన సంగతి చెప్పాయి. పూర్తికాని పని మనసును గిల్లుతూనే ఉంటుంది, కానీ దాన్ని ఎప్పుడు, ఎలా చేయాలో స్పష్టంగా అనుకున్నా చాలు, ఆ గిల్లుడు తగ్గిపోతుంది. పని పూర్తి కానక్కర్లేదు. యాప్ వల్ల నిజంగా కలిగే మేలు నాకు ఇక్కడే కనిపిస్తుంది. "షాఫ్ట్ సంగతి" అని రాస్తే బెంగ తీరదు. "మంగళవారం రెండో షిఫ్టు, షాఫ్ట్ సెట్టింగ్" అని రాస్తే తీరుతుంది.

ఇక వరుస. దీనికి గణితం ఉంది, అదీ ఫ్యాక్టరీల కోసమే పుట్టింది. మా నాలుగు జాబ్‌లనే తీసుకోండి. షాఫ్ట్‌కు 6 గంటలు, బుష్‌కు 1, ఫ్లాంజ్‌కు 2, గేర్ బ్లాంక్‌కు 3. ఇదే వరుసలో చేస్తే అవి 6, 7, 9, 12 గంటలకు పూర్తవుతాయి, సగటున ఒక్కో జాబ్ కోసం ఎనిమిదిన్నర గంటలు ఆగాలి. చిన్నది ముందు, పెద్దది చివర పెడితే 1, 3, 6, 12. సగటు ఐదున్నర. లేత్ తిరిగింది రెండుసార్లూ పన్నెండు గంటలే. ఎవరూ వేగం పెంచలేదు, వరుస మారిందంతే.

అయితే ఈ సూత్రానికి ఒక ప్రమాదం ఉంది. చిన్న జాబ్‌లు వస్తూనే ఉంటే షాఫ్ట్ వంతు ఎప్పటికీ రాదు. యాప్‌లో టిక్కులు పడుతుంటే కలిగే తృప్తి కూడా మనల్ని ఇటే లాగుతుంది. ఇక్కడ పనికొచ్చేది పరిశోధకుడు స్మిత్ 1956లో ఇచ్చిన సూత్రం, అది పని విలువను కూడా లెక్కలోకి తెస్తుంది. ప్రతి పనికీ దాని విలువను పట్టే సమయంతో భాగించి, ఎక్కువ వచ్చినదాన్ని ముందు పెట్టాలి. షాఫ్ట్ అందకపోతే కస్టమర్ లైను ఆగిపోతుందనుకోండి, దాని విలువ 12. బుష్ విలువ 1. పన్నెండును ఆరుతో భాగిస్తే 2, ఒకటిని ఒకటితో భాగిస్తే 1. షాఫ్టే ముందు. గడువు తేదీలే ముఖ్యమైతే లెక్క ఇంకా సులువు. దగ్గరి గడువు ముందు పెట్టుకుంటూ పోతే, అన్నిటికన్నా ఎక్కువ ఆలస్యమయ్యే పని ఆలస్యం వీలైనంత తగ్గుతుందని జాక్సన్ 1955లో నిరూపించాడు. ఏ సూత్రం వాడాలన్నది మనకు ఏది ఎక్కువ నష్టమో దాన్నిబట్టి తేలుతుంది. ఆ నష్టమేమిటో యాప్‌కు తెలియదు. టోడోయిస్ట్‌లో ప్రాధాన్యానికి నాలుగు మెట్లుంటాయి. నాలుగు జాబ్‌లనూ మొదటి మెట్టు మీదే పెడితే మెట్లు లేనట్టే.

ప్రతి జాబూ రెండు మెషీన్లను వరుసగా దాటాలంటే లెక్క ఇంకా అందంగా మారుతుంది. జాన్సన్ 1954లో ఇచ్చిన సూత్రాన్ని మా అమ్మ వంటింట్లో రోజూ పాటించేది. ఆమె చేతులు మొదటి మెషీన్, ఒక్కటే ఉన్న పొయ్యి రెండోది అనుకోండి. పప్పు కడిగి సిద్ధం చేయడానికి 3 నిమిషాలు, ఉడకడానికి 20. బీరకాయ తరగడానికి 15, వేగడానికి 12. పప్పు ముందు ఎక్కిస్తే అది ఉడుకుతుండగా కూర తరగడం అయిపోతుంది, మొత్తం 35 నిమిషాలు. కూరతో మొదలుపెడితే 47. మొదటి మెషీన్ మీద తక్కువ, రెండోదాని మీద ఎక్కువ సమయం పట్టే పనిని ముందు పంపాలి. లేత్ తర్వాత గ్రైండింగ్‌కు పోయే జాబ్‌లకూ ఇదే లెక్క. మెషీన్లు మూడైతే మాత్రం ఇలాంటి సులువైన సూత్రం ఏదీ దొరకలేదు. పది జాబ్‌లను ఒక మెషీన్ మీద పెట్టగల వరుసలే 36,28,800.

వరుస సరిగా ఉన్నా బోర్డు నిండిపోతే ఫలితం ఉండదు. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రం ప్రకారం, రోజుకు 6 జాబ్‌లు పూర్తయ్యే చోట 30 కార్డులు తెరిచి ఉంటే ఒక్కో కార్డు సగటున 5 రోజులు అక్కడే ఉంటుంది. 12 మాత్రమే తెరిస్తే 2 రోజులు. టయోటాలో తైచి ఓనో కాన్‌బాన్ కార్డులతో చేసిన పనిలో ఇలా హద్దు పెట్టడమూ ఒకటి. చేతిలో ఉన్నది కదిలేదాకా కొత్తది తీసుకోకూడదు. ట్రెల్లో వంటి యాప్‌ల కార్డులు, గడులు ఆ కాన్‌బాన్ సంతానమే. మేం కార్డులు తెచ్చుకున్నాం, ఆ హద్దు తెచ్చుకోలేదు.

మరో చిక్కును నాకు అంగారకుడి కథ అర్థం చేయించింది. 1997 జులై 4న పాత్‌ఫైండర్ అనే అంతరిక్ష నౌక అక్కడ దిగింది. కొద్దిరోజులకే దాని కంప్యూటర్ పదేపదే తనంతట తానే రీసెట్ కావడం మొదలైంది. వాతావరణ సమాచారం సేకరించే తక్కువ ప్రాధాన్యపు పని ఒకటి ఉమ్మడి వనరును పట్టుకుని ఉంది. ఎక్కువ ప్రాధాన్యమున్న పని ఒకటి ఆ వనరు కోసం ఆగింది. ఈలోగా మధ్యస్థపు పనులు వచ్చి, తక్కువ ప్రాధాన్యపు పనిని ముందుకు కదలనివ్వలేదు. దాంతో పైనున్న పని కిందివాటికన్నా వెనక పడింది. దీనికి విరుగుడు ఉంది: పైనున్న పని దేనికోసం ఎదురుచూస్తుందో, దానికి ఆ కాసేపు తన ప్రాధాన్యమే ఇవ్వాలి. ఈ ఏర్పాటు పాత్‌ఫైండర్ సాఫ్ట్‌వేర్‌లో అప్పటికే ఉంది, వాడుకలో లేదంతే. ఇంజనీర్లు భూమి నుంచే దాన్ని ఆన్ చేశారు.

నాలుగు జాబ్‌లు వచ్చిన ఆ రోజు మా షాఫ్ట్ రెండు గంటలు ఆగిపోయింది. ఎందుకో ఈ కథతో తెలిసింది. దాని కొలత చూసే గేజ్ క్యాలిబ్రేషన్ మనిషి దగ్గర ఉంది. ఆ పని కార్డుకు ఏ రంగూ లేదు. అందుకని అతన్ని అందరూ చలాన్లు రాయడానికి, డబ్బాలు కట్టడానికి పిలుస్తూనే ఉన్నారు. ఇప్పుడు గేజ్ బయటికి వెళితే, దానికోసం ఆగిన జాబ్ రంగే దాని కార్డుకూ వేస్తున్నాం. అది వెనక్కి వచ్చేదాకా ఆ మనిషిని ఎవరూ పిలవరు.