'తిరార్'తో తకరారు

టీవీలో ఫుట్‌బాల్ ఆట నడుస్తోంది. స్పానిష్ వ్యాఖ్యాత "తిరో!" అని అరిచాడంటే ఎవరో గోల్ వైపు బంతి కొట్టారన్నమాట. అదే బ్రెజిల్ వ్యాఖ్యాత "చిరో!" అన్నాడంటే డిఫెండర్ గోల్ ముందునుంచి బంతిని తప్పించేశాడని. బ్రెజిల్‌లో చాలాచోట్ల 'తి'ని 'చి' అని పలుకుతారు కాబట్టి చెవికి తేడాగా వినిపిస్తుంది గానీ, రెండూ 'తిరార్' అనే ఒకే క్రియకు భూతకాల రూపాలు.

స్పానిష్‌లో ఈ క్రియకు ముఖ్యమైన పనులు మూడు: విసరడం లేదా పారేయడం, లాగడం, తుపాకీ కాల్చడం. విసరడం, లాగడం ఒకదానికొకటి ఎదురు దిక్కులు కదా, వినేవాళ్లకు ఎలా తెలుస్తుంది? అక్కడ ఒక చిన్న విభక్తి ఆదుకుంటుంది. 'తిరార్ లా క్వెర్దా' అంటే తాడు విసరడం. మధ్యలో 'దె' చేర్చి 'తిరార్ దె లా క్వెర్దా' అంటే తాడు పట్టి లాగడం. స్పెయిన్‌లో తలుపు మీద 'తిరార్' అని రాసి ఉంటే లాగాలి. మెక్సికోలో అదే తలుపు మీద 'హాలె' అని వేరే మాట కనిపిస్తుంది.

బ్రెజిల్‌వాళ్లు మాట్లాడే పోర్చుగీస్‌లో ఈ మాట ప్రధానంగా తీసే పని చేస్తుంది. ఇది తెలుగువాళ్లకు ఇట్టే పట్టుబడుతుంది. ఫొటో తీయడం, కునుకు తీయడం, ప్రాణం తీయడం, కాలి బూట్లు తీసేయడం, చివరికి సెలవు తీసుకోవడం కూడా అక్కడ తిరారే. మన 'తీయు' ఎంత దూరం వెళ్తుందో ఇదీ దాదాపు అంత దూరం వెళ్తుంది. పరీక్షలో పదికి పది తెచ్చుకోవడం, సందేహం తీర్చుకోవడం అదనం. తుపాకీ కాల్చడానికి మాత్రం ముందు ఒక 'అ' చేర్చి 'అతిరార్' అంటారు. లాగడానికి 'పుషార్' ఉంది. తలుపు మీది 'పూషె' చదివి, ఇంగ్లిష్ అలవాటుకొద్దీ నెట్టేవాళ్లకు కొదవలేదు!

అసలు చిక్కు ఇంట్లో వస్తుంది. "తిరా లా కొమీదా" అని స్పానిష్‌లో అంటే అన్నం పారెయ్యమని. పోర్చుగీస్‌లో దాదాపు అవే మాటలకు అన్నం బయటికి తియ్యమని అర్థం. కొలంబియా, పెరూ, వెనిజులాల్లోనైతే ఈ క్రియకు వాడుకలో బూతు అర్థం కూడా ఉంది. కొత్తవాళ్లు అక్కడ దీన్ని ఆచితూచి వాడడం మేలు.

ఇంతకీ స్పానిష్‌వాళ్లు 'బయటికి తీయడా'న్ని ఏమంటారు? 'సకార్'. ఫొటోకీ, మార్కులకీ, చెత్తబుట్ట బయట పెట్టడానికీ వాళ్లకు అదే మాట. పోర్చుగీస్‌లోనూ 'సకార్' ఉంది కానీ, బ్యాంకులోంచి డబ్బు తీయడం లాంటి కొద్ది పనులకే పరిమితం.

కాబట్టి స్పానిష్ వచ్చి పోర్చుగీస్ నేర్చుకుంటున్నవాళ్లు, 'సకార్' నోటికొచ్చిన చోట 'తిరార్' పెట్టి చూడండి, చాలాసార్లు సరిపోతుంది. పారేయాల్సి వచ్చినప్పుడు మాత్రం బ్రెజిల్‌లో 'జొగార్ ఫోరా', పోర్చుగల్‌లో 'దెయితార్ ఫోరా' అనండి.