గిటారు పెట్టెలో ఈల ఎక్కడిది?

గిటారు ధ్వనిని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే పెట్టెను కొందరు ఇంట్లోనే తయారు చేసుకుంటారు. అందులో ఈల, మోత, బుస వినిపిస్తే చిప్ చెడిందని పారేయనక్కరలేదు. ముందు కారణం కనిపెట్టాలి.

మంటలార్పేటప్పుడు జనం వరుసగా నిలబడి నీళ్ల బకెట్లు అందించుకుంటారు గదా! 1969లో ఫిలిప్స్ పరిశోధకులు సాంగ్‌స్టర్, టీర్ రూపొందించిన పరికరం చేసే పనీ అదే. ధ్వని సంకేతం విద్యుదావేశంగా ఒక కెపాసిటర్ నుంచి మరొక కెపాసిటర్‌కు చేరుతుంది. ఇందుకు తాళం వేసేది క్లాక్. ఒక్కో క్లాక్ స్పందనకు సంకేతం రెండు అంచెలు దాటుతుంది. 4096 అంచెలు, సెకనుకు 10,000 స్పందనలు అయితే ఆలస్యం సుమారు 0.2 సెకను.

ఆలస్యాన్ని మార్చే మరను తిప్పి చూడండి. ఈల శ్రుతి కూడా మారితే దోషం క్లాక్‌దే! మన చెవి దాదాపు 20,000 హెర్ట్‌జ్‌ల వరకు వినగలదు. నెమ్మదించిన క్లాక్ ఆ హద్దులోకి దిగుతుంది. చిప్ తర్వాతి ఫిల్టర్‌ను సరిచూడండి. క్లాక్ తీగలను ధ్వని తీగలకు దూరంగా జరపండి.

గుయ్‌మనే మోత వస్తోందా? అడాప్టర్ తీసి, తగిన బ్యాటరీ పెట్టండి. మోత ఆగితే అది ఇంటి కరెంటు నుంచి వచ్చిందన్నమాట.

బుస మాత్రం పూర్తిగా పోదు. అంచె అంచెకూ కొద్ది రొద చేరుతూనే ఉంటుంది. అందుకే ధ్వనిని ముందు కుదించి, చివర విప్పే సర్క్యూట్‌ను జతచేస్తారు.