ఆ మాట ఏ అధ్యాయంలో ఉంది?

చాలా ఏళ్ల క్రితం ఒక ఆదివారం ఆరాధన ముగిశాక, మా సంఘంలోని ఆటో డ్రైవరు ఒకాయన చంకలో కర్రతో వచ్చి నా దగ్గర నిలబడ్డాడు. ప్రమాదంలో కాలు విరిగి మూడు నెలలుగా ఇంట్లోనే ఉన్నాడు. ఆటో వాయిదాలు రెండు ఆగిపోయాయి, చర్చి సహాయ నిధిలోంచి ఏమైనా ఇప్పించమని అడిగాడు. నేనేదో తొందరలో ఉన్నాను. తనకు తాను సాయం చేసుకునేవారికే దేవుడు సాయం చేస్తాడు బాబూ అన్నాను. 'సరేనండి అయ్యగారూ' అని వెళ్లిపోయాడు.

రెండు వారాలు పోయాక ఆయన భార్య అడిగింది. 'ఆరోజు మీరు చెప్పిన వాక్యం ఏ అధ్యాయంలో ఉందండీ? మా ఆయన రోజూ వెతుకుతున్నాడు.'

వేదాంత కళాశాలలో చదువుకున్నవాణ్ణి. ఆదికాండం నుండి ప్రకటన గ్రంథం దాకా వెదికినా ఆ మాట ఉండదని నాకు తెలుసు. ఆ సూక్తి పుట్టిల్లు వేరు. బండి బురదలో దిగబడితే చక్రానికి భుజం పట్టకుండా దేవుణ్ణి కేకలేసిన బండివాడి కథ ఈసపు కథల్లో ఉంది, దాని నీతి అదే. అమెరికాలోని ఫిలడెల్ఫియాలో అచ్చాఫీసు నడిపిన బెంజమిన్ ఫ్రాంక్లిన్, తాను ఏటా వేసే పంచాంగంలో 1736లో ఆ మాట ముద్రించాడు. ఏడాదికి దాదాపు 10 వేల ప్రతులు అమ్ముడైన పంచాంగమది. ఇప్పుడు బడి గోడల మీద, క్యాలెండర్ల మీద, తెల్లవారేసరికి సెల్‌ఫోన్లో వచ్చిపడే సందేశాల్లో అది కనిపిస్తూనే ఉంటుంది. బైబిలు వచనమేనని నమ్మే విశ్వాసులకూ కొదవలేదు.

మాటలో తప్పుందని నేననను. సోమరికి చీమను చూపించింది సామెతల గ్రంథమే (6:6). పనిచేయనొల్లని వాడికి భోజనం మీద హక్కు లేదని థెస్సలొనీక సంఘానికి రాసిన పౌలు, తాను డేరాలు కుట్టి బతికాడు. కానీ పౌలు మాట్లాడింది పనిచేయగలిగీ చేయనివారి గురించి. బేతెస్ద కోనేటి దగ్గర ఉన్న రోగి సంగతి వేరు. 38 ఏళ్లుగా జబ్బుతో ఉన్న ఆ మనిషి, తనను నీళ్లలోకి దించే దిక్కు లేదని యేసుతో చెప్పుకున్నాడు (యోహాను 5:1-9). ప్రభువు స్వయంకృషి మీద ప్రసంగం చేయలేదు. లేచి నడవమన్నాడు, లేవడానికి కావలసిన బలమూ ఆ మాటతోనే ఇచ్చాడు. మూఢుని నోట సామెత తాగినవాడి చేతిలో ముల్లులాంటిదని సొలొమోను సామెతల్లో ఉంది (26:9). ఆ ఆదివారం ఆ ముల్లు నా చేతిలో ఉంది, గుచ్చుకున్నది మాత్రం ఆయనకు.

ఫ్రాంక్లిన్ గురించి ఇంకో సంగతి చెప్పాలి. సూక్తులు వాడుకునేవారు దీన్ని చెప్పరు. వైద్యానికి డబ్బులేని పేదల కోసం 1751లో డాక్టర్ థామస్ బాండ్‌తో కలిసి ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా ఆసుపత్రిని స్థాపించింది ఆయనే. చందాల కోసం పత్రికలో రాశాడు, ప్రభుత్వ సభను ఒప్పించి సొమ్ము రాబట్టాడు. ఆ ఆసుపత్రి ముద్ర మీద వేయించిన బొమ్మ మంచి సమరయుడిది. యెరికో దారిలో కొనప్రాణంతో పడి ఉన్నవాడు తనకు తాను ఏం సాయం చేసుకోగలడు? పంచాంగంలో ఆ మాట అచ్చువేసినాయనకు అది ఎంతవరకు వర్తిస్తుందో తెలిసినట్టే ఉంది. నాకు తెలియలేదు.

మర్నాడు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. మంచం మీద బైబిలు తెరిచే ఉంది. 'సామెతలు 31 అధ్యాయాలూ రెండుసార్లు చదివానండీ, కనబడలేదు. ఇప్పుడు కీర్తనల్లో చూస్తున్నాను' అన్నాడు. అది బైబిలులో లేదని, పొరపాటు నాదేనని చెప్పాను. కాసేపు నావైపే చూశాడు.

'లేదాండీ? అయితే నేను దేవుణ్ణి అడగొచ్చన్నమాట' అన్నాడు.